ఆరు ఇళ్లకు అటక ఫ్యాన్లు

అల్ ఖోబర్,
18 నవంబరు 1990

మొహిద్దీన్ భాయ్‌కి,

తబూక్ చలి నీకు పడటం లేదని దిలావర్ చెప్పాడు. అక్కడి పొలాల నుంచి కూరగాయల లారీతో పాటు నీ కబుర్లు కూడా మోసుకొస్తున్నాడు పాపం. ఇకనుంచి ఉత్తరాలూ వాడికే ఇద్దాం. ఇప్పుడు పోస్టులో వేస్తే మన ఉత్తరం మనకంటే ముందు ఎవడు విప్పి చదువుతాడో తెలియదు. నాకు రాసేవి మీ బాషా మామ పేరున పంపు. ఆయన ఎలాగూ స్టోరు వదిలి కదలడు.

అసలు సంగతికొస్తాను. యుద్ధం వస్తే కరెంటు తగ్గిస్తారని, పెద్ద ఏసీ ప్లాంటు ఆగిపోతుందని కాంపౌండు నడిపే మా ముదీర్‌కు భయం పట్టుకుంది. మన కాంపౌండులో చెక్క అటకలున్న పాత ఇళ్లు ఆరు ఉన్నాయి కదా, వాటికి అటక ఫ్యాన్లు పెట్టమన్నాడు. నడవాలో పైకప్పు కోసి ఇల్లంతటికీ ఒకటే పెద్ద ఫ్యాను. అది కిటికీల్లోంచి చల్లగాలి లాగి, ఇంట్లో వేడిని అటక మీదుగా బయటికి తోస్తుందట. చిన్న జనరేటరు మీద కూడా నడుస్తుందట.

"ఈ పని రాస్ తనూరాలో మా మొహిద్దీన్ చేసినాడు, వానికాడ నేర్చినోడు ఈ లక్ష్మణుడే" అని మీ మామ అందరి ముందూ అనేశాడు. ముదీర్ నా వైపు చూశాడు. నేను తల ఊపాను. చిక్కంతా అక్కడే వచ్చింది. నువ్వు నాకు ఏసీలు నేర్పావు గానీ ఇది నేర్పలేదు.

ఆ ఆరింటిలో పద్నాలుగో నంబరు స్వర్ణక్కది. నీకు తెలియదు, నువ్వు వెళ్లాక వచ్చారు. వరంగల్ వాళ్లు. భర్త నాగేందర్ గారు రాస్ తనూరాలో ఇంజనీరు, వారానికి ఒక్కసారి వస్తాడు. శ్రీలత అని అయిదేళ్ల పాప. పని మీద వెళ్తే అన్నం పెట్టకుండా పంపదు. క్యాంపు మెస్సులో పప్పు నీళ్లు తాగి తాగి ఉన్న నాకు ఆ ఇంట్లో పచ్చిపులుసు తిన్న రోజు ఏడుపొచ్చింది, నవ్వకు. తొమ్మిదో నంబరు మీ మామ ఉండే చిన్న ఇల్లు. కాబట్టి నా పని చెడితే నీకూ నాకూ ఇద్దరికీ నష్టమే. పూర్తిగా రాసి పంపు.

నీ లక్ష్మణ్


తబూక్,
3 డిసెంబరు 1990

లక్ష్మణ్‌కు,

తల ఊపే ముందు అందులో ఏముందో ఒకసారి చూసుకోవాల్సింది. సరే, ఊపావు. ఇప్పుడు నేను రాసేది రెండుసార్లు చదువు.

అటక ఎక్కే ముందు బ్రేకరు దించి తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకో. వాసాల మీద పలక పరిచి నడువు. వాసాల మధ్య కాలు పెట్టావంటే కిందున్న వాళ్ల భోజనం బల్ల మీద దిగుతావు. గాజు దూది ఉంటుంది, ముక్కుకు గుడ్డ కట్టుకో. రంధ్రం కోయడానికి అడ్డొచ్చిందని వాసం కోయకు, వాసాలకు అడ్డంగా చట్రం కట్టి దాని మీద కూర్చోబెట్టు. కింద రబ్బరు వెయ్యి, లేకపోతే ఇల్లంతా అదురుతుంది. ప్రతి ఫ్యానుకూ విడిగా వైరు, విడిగా బ్రేకరు.

అటక గోడలకుండే జాలీలు చూడు. పిట్టలు రాకుండా సన్నవల కొట్టి ఉంటారు, పదేళ్ల దుమ్ము పట్టి ఉంటుంది. ఫ్యాను లాగిన గాలి పోయే దారి లేకపోతే మోటారు కాలుతుంది. అవసరమైతే ఇంకో జాలీ కొట్టు.

ఇదంతా ఎవడైనా చేస్తాడు. ఇక అసలైనది. ముందు కిటికీ, తర్వాత స్విచ్చి. ఆ ఇంటి ఆడవాళ్లతో, పిల్లలతో ఈ మాట వల్లె వేయించు. ఆ పాత ఇళ్లలో నీళ్లు కాగే గ్యాసు గీజరు స్నానాల గది పక్క అల్మరాలో ఉంటుంది, దాని పొగగొట్టం కప్పు మీదికి పోతుంది. ఫ్యానుకు గాలి కావాలి. కిటికీ ఇవ్వకపోతే ఆ గొట్టంలోంచి లాక్కుంటుంది. పైకి పోవాల్సిన పొగ ఇంట్లోకి దిగుతుంది. అది మంచి పొగ కాదు.

ఫ్యాను పెట్టాక గీజరు వెలిగించి, ఫ్యాను వేసి, గొట్టం మొదట్లో ఊదుబత్తి పట్టుకో. పొగ గొట్టంలోకి పోతే సరి. నీ ముఖం మీదికి వస్తే ఫ్యాను ఆపి, నాకు రాయి. నేను వచ్చేదాకా ఎవరినీ ముట్టుకోనివ్వకు.

మామకు సలాం చెప్పు. ఆయన లేకపోతే నాకు వీసా లేదు, ఈ పనీ లేదు. స్టోరు దుమ్ములో ఎక్కువసేపు ఉండొద్దని చెప్పు, ఊపిరి సరిగా ఆడదు ఆయనకు.

గులాం మొహిద్దీన్


అల్ ఖోబర్,
25 జనవరి 1991

మొహిద్దీన్ భాయ్‌కి,

బతికే ఉన్నాను. అది ముందు రాస్తున్నాను, మీ మామ కూడా క్షేమం.

ఫ్యాన్లు ఆరూ కొత్త సంవత్సరానికే పెట్టేశాను. ఆరిళ్లలోనూ కిటికీలు తెరిచి ఊదుబత్తి పట్టాను, ఆరిళ్లలోనూ పొగ గొట్టంలోకే పోయింది. స్వర్ణక్క దేవుడి గూట్లోని ఊదుబత్తే ఇచ్చి, "తమ్మీ, దేవునికి లేకపాయె గని గీజరుకు ముట్టిస్తున్నవా" అని ఒకటే నవ్వు. శ్రీలత "ముందు కిటికీ, తర్వాత స్విచ్చి" అని పాటలా పాడుతూ ఇల్లంతా తిరిగింది. నీ పరువు నిలబెట్టాను, ఒప్పుకో.

తర్వాత రెండు వారాలు తిరిగేసరికి యుద్ధం మొదలైంది. సైరన్ మోగితే క్యాంపులో మేము మంచాల కింద దూరుతున్నాం. ఆకాశంలో ఢాంమని పేలుతుంది, తలుపులు ఊగుతాయి, తర్వాత అంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దమే ఎక్కువ భయంగా ఉంది. విషవాయువు బాంబులు వేస్తారని ఇళ్లవాళ్లకు మాస్కులు పంచారు. లేబర్ క్యాంపుకు రాలేదు. నా పక్క మంచం అంజన్న తడి తువ్వాలు పక్కలో పెట్టుకుని పడుకుంటున్నాడు.

అన్ని ఇళ్ల కిటికీలూ మూసి సందుల్లేకుండా టేపు వేయమని ఆర్డరు. రెండు రోజులు నిద్ర లేకుండా అదే పని. పద్నాలుగులో స్వర్ణక్క నా వెనకాలే తిరిగింది. "తమ్మీ, జర ఇంకింత గట్టిగ పెట్టు. పోరి చిన్నది, దానికి మాస్కు పడ్తలేదు" అంది. బాగా గట్టిగా మూశాను. తొమ్మిదిలో మీ మామ కూడా, "ఆయమ్మకు పెట్టినట్టే నాకూ పెట్టురా, నేనేం పాపం చేసినా?" అన్నాడు. ఆయనకూ అలాగే పెట్టాను. ఆ రెండిళ్లలోకి గాలి కూడా దూరదు. నువ్వు దిగులు పెట్టుకోకు.

లక్ష్మణ్


తబూక్,
9 ఫిబ్రవరి 1991

లక్ష్మణ్‌కు,

ఇక్కడా సైరన్లు మోగుతున్నాయి. బేసు పక్కనే మా క్యాంపు, విమానాలు లేచినప్పుడల్లా గ్లాసుల్లో చాయ్ వణుకుతుంది. దిలావర్ లారీని మిలిటరీ బళ్ల కోసం దారిలో రోజుల తరబడి ఆపేస్తున్నారు. ఈ ఉత్తరం నీకు ఎప్పుడు చేరుతుందో అల్లాకే తెలియాలి.

కిటికీలు మూశావు, మంచిది. ఫ్యాన్ల సంగతి ఎందుకు రాయలేదు? కిటికీలు మూసిన ఇంట్లో ఆ ఫ్యాను ఉండనే కూడదు. ఇది అందగానే ఆరిళ్లలోనూ బ్రేకర్లు దించి, తాళం వెయ్యి. స్విచ్చి మీద కాగితం అంటించు. మరిచిపోయి ఎవరైనా చెయ్యి వేస్తారు.

గట్టిగా మూశానన్నావు. ఎంత గట్టిగా? దేనితో? టేపయితే లాగితే ఊడాలి. రాయి.

మొహిద్దీన్


అల్ ఖోబర్,
14 మార్చి 1991

మొహిద్దీన్ భాయ్‌కి,

నీ ఉత్తరం నెల రోజులు తిరిగి నిన్న చేరింది. యుద్ధమే అయిపోయింది, ఇక తాళాలెందుకు? కోప్పడకు, మొత్తం చదువు.

కువైట్‌లో నూనె బావులు తగలబడుతున్నాయి కదా, ఆ పొగ ఇక్కడికి దిగింది. మధ్యాహ్నం పన్నెండింటికి కార్లు లైట్లు వేసుకుని పోతున్నాయి. ఆరేసిన బట్టలు నల్లబడుతున్నాయి. తుమ్మితే చేతిరుమాలు నల్లగా. సూర్యుడు రాగి చెంబులా ఎర్రగా కనిపించి మళ్లీ మాయమవుతాడు. యుద్ధంలో కూడా నాకు ఇంత దిగులు వేయలేదు.

దేనితో మూశావని అడిగావు. నాలుగిళ్లలో టేపే. మొన్న తీసేశాను. పద్నాలుగులో, తొమ్మిదిలో సిలికాన్ పెట్టాను భాయ్. స్నానాల గదులకు వాడేది. మీ మామే స్టోరులోంచి ఇచ్చాడు. టేపు మీద నాకు నమ్మకం కుదరలేదు, పాప ముఖం చూశాక అసలు కుదరలేదు. కిటికీ రెక్కా చట్రమూ ఒకటైపోయాయి. కోసి తీస్తానంటే ఇద్దరూ వద్దన్నారు. మిగతా ఇళ్లు మసితో నిండిపోతుంటే వీళ్ల ఇళ్లు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. పక్కింటి వాళ్లు వచ్చి చూసిపోతున్నారు.

తలుపు తెరిచినప్పుడు వచ్చే మసి కంపు పోవడానికి స్వర్ణక్క రోజూ కాసేపు ఫ్యాను వేస్తోంది. నేనే వేయమన్నాను. మీ మామకు ఆ కంపుకు దగ్గు వస్తోంది, ఆయనా వేస్తున్నాడు. ముందు కిటికీ అని నువ్వు చెప్పావు, మరిచిపోలేదు. కిటికీ తెరిస్తే కువైట్ మసంతా లోపలికొస్తుంది కదా! ఈ మసి నీ రూల్లో లేదు. కిటికీలు తెరవకపోయినా ఎంత బాగా లాగుతోందో, మంచి ఫ్యాను.

ఈ పొగకు అందరికీ తలనొప్పులే. స్వర్ణక్కకు పొద్దున్నే మొదలవుతుంది, మధ్యాహ్నం దుకాణానికి వెళ్తే తగ్గుతుందట. శ్రీలత బడి లేక ఎప్పుడూ పడుకునే ఉంటోంది. అల్లరి తగ్గింది, అదొక్కటే బాగాలేదు. నిన్న గీజరు మంట పసుపుగా ఉందని చూడ్డానికి వెళ్లి గంట కూర్చున్నాను, నాకే తల తిరిగింది. మీ మామ తల దిమ్ముగా ఉందని పాలు లేని సులైమానీ చాయ్ మీద చాయ్ తాగుతున్నాడు. వాన పడితే అంతా సర్దుకుంటుందని అందరూ అంటున్నారు.

లక్ష్మణ్


తబూక్,
19 మార్చి 1991

లక్ష్మణ్,

ఇది చదవడం అయ్యాక కాదు, చదువుతూనే పరుగెత్తు.

పద్నాలుగో నంబరు ఇంటికి పో. తలుపు తెరిచి, తల్లినీ పిల్లనీ బయటికి తీసుకురా. గీజరు గ్యాసు కట్టెయ్యి. ఫ్యాను బ్రేకరు దించు. అద్దాలు పగలగొట్టు, డబ్బు నేను కడతాను.

అది కువైట్ పొగ కాదు. ఇల్లు దాటితే తగ్గే తలనొప్పి ఇంట్లోనే పుడుతుంది. గీజరు గొట్టంలోంచి ఫ్యాను లాగుతున్న గాలే అది. ఆ గ్యాసుకు వాసన లేదు, కళ్లు మండవు. తల నొస్తుంది, నిద్ర వస్తుంది, ఆ నిద్రలోనే పోతారు. ఇది నేను డిసెంబరులోనే రాయాల్సింది. భయపడి పని వదిలేస్తావని, మంచి పొగ కాదు అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను.

నీ ఉత్తరం మధ్యాహ్నం అందింది. అప్పటినుంచి టెలిఫోన్ బూత్ దగ్గరే ఉన్నాను. కాంపౌండు ఆఫీసువాడు లేబరును పిలవనని, నా మాట వినకుండానే పెట్టేశాడు. స్టోరు ఫోను మోగి మోగి ఆగింది. మామ ఎక్కడ తిరుగుతున్నాడో! దిలావర్‌ను ఇప్పుడే బయలుదేరదీశాను, కూరగాయలు సగమే ఎక్కించాడు.

పో.

మొహిద్దీన్


అల్ ఖోబర్,
26 మార్చి 1991

మొహిద్దీన్ భాయ్‌కి,

దమ్మామ్ ఆఫీసు నుంచి నీకు టెలిగ్రాం వచ్చే ఉంటుంది. అందులో ఉన్నది నిజం కాదు. నిజం రాయడానికి నాలుగు రోజులు పట్టింది.

నీ ఉత్తరం శుక్రవారం పొద్దున పదింటికి అందింది. స్టోరు మూసి ఉంటే దిలావర్ తొమ్మిదో నంబరుకు వెళ్లి మీ మామకు ఇచ్చాడట. ఆయన నాలుగు రోజులుగా స్టోరుకే పోలేదు, తలనొప్పి. ఆ ఉత్తరం పట్టుకుని చెవులకు మఫ్లరు చుట్టుకుని మా క్యాంపు దాకా నడిచొచ్చాడు. "మొహిద్దీన్ది, జరూరంట. తీస్కో" అని నా చేతిలో పెట్టాడు. "బయట గాలికి కొంచెం బాగుండాదిరా" అన్నాడు. నేను అప్పటికే చదువుతున్నాను. ఆయనకు ఒక్క మాట కూడా చెప్పకుండా పరుగెత్తాను. వెనక నుంచి "ఏమైందిరా?" అని అడిగాడు. నేను తిరిగి చూడలేదు.

పద్నాలుగులో ఫ్యాను శబ్దం వీధిలోకే వినిపిస్తోంది. తలుపు లోపల గడియ. పిలిచాను, కొట్టాను. కిటికీ లాగితే కదలదు. నేను పెట్టిన సిలికానే. పానాతో అద్దం పగలగొట్టి దూరాను. నాగేందర్ గారు ఆ వారం రాలేదు, సముద్రంలో నూనె తెట్టు వల్ల వాళ్లకు సెలవుల్లేవు. పాపకు నీళ్లు పోసి తువ్వాలు చుట్టి మంచం మీద పడుకోబెట్టినట్టుంది. అక్క స్నానాల గది గడప దగ్గర పడి ఉంది. ముఖం పాలిపోలేదు భాయ్, ఎర్రగా, జాతరకు తయారైన మనిషిలా ఉంది. అది చూసే నాకు ఎక్కువ భయమేసింది.

ఇద్దరూ బతికారు. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. శ్రీలత సాయంత్రానికి కళ్లు తెరిచి నీళ్లడిగింది. నాగేందర్ గారు వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని, "నువ్వు లేకపోతే నాకు ఇల్లు లేదు లక్ష్మణ్" అని ఏడ్చాడు. ఆయన ఏడుస్తుంటే నాకు సంతోషం వేసింది. ఉన్నమాట రాస్తున్నాను. నా సిలికాన్ సంగతి నోటిదాకా వచ్చింది, మింగేశాను. నన్ను ఆసుపత్రిలో కూర్చోబెట్టి బిర్యానీ తెప్పించారు. తిన్నాను. తొమ్మిదో నంబరు గుర్తు రాలేదని అబద్ధం చెప్పను. ఒకసారి గుర్తొచ్చింది. పొద్దున బయట తిరుగుతూనే ఉన్నాడు కదా, రేపు వెళ్లి చూద్దాంలే అనుకున్నాను.

శనివారం కూడా స్టోరు తెరవలేదు. మేము తొమ్మిదో నంబరుకు వెళ్లేసరికి ఫ్యాను తిరుగుతోంది. నమాజుకు ముందు వుజూ చేసుకోవడానికి వేడినీళ్లు పట్టుకున్నట్టుంది, చెంబు పక్కనే ఉంది. జానమాజ్ చాప పరిచి ఉంది. దాని మీదే ఒరిగిపోయాడు.

డాక్టరు గుండె ఆగిందని, పొగ వల్ల కావచ్చని రాశాడు. పోలీసులు వచ్చి సంతకాలు తీసుకుని పోయారు. వయసు అరవై రెండు, ఉబ్బసం, ఎవరికీ అనుమానం లేదు. పద్నాలుగులో జరిగింది గీజరు పాతదవడం వల్ల అని ముదీర్ రాసుకున్నాడు. ఆరు బ్రేకర్లూ నేనే దించాను, ఎందుకని ఎవరూ అడగలేదు. కాంపౌండంతా నన్ను మెచ్చుకుంటోంది. జుబైల్‌లో కట్టే ఇళ్లకు పన్నెండు ఫ్యాన్లు వస్తున్నాయట, వాటి పనికి నన్నే ఫోర్‌మన్ చేస్తానంటున్నాడు ముదీర్.

నోరు మూసుకుంటే నన్ను అడిగేవాడు లేడు. నోరు తెరిస్తే జైలో, పాస్‌పోర్టు మీద ఖురూజ్ ముద్ర కొట్టి దేశం నుంచి పంపించడమో. ఇంటి దగ్గర ముత్యవ్వకు, అంటే మా అమ్మకు, నేను ఒక్కణ్ణే అని నీకు తెలుసు. ఆరిళ్లలో నాకు ప్రేమ ఉన్న రెండిళ్లకే సిలికాన్ పెట్టాను. మిగతా నాలుగిళ్లవాళ్లు దగ్గుతూ హాయిగా బతికారు. ఏం చేయమంటావో చెప్పు. తిట్టాలంటే తిట్టు, కానీ రాయి.

లక్ష్మణ్


తబూక్,
6 ఏప్రిల్ 1991

లక్ష్మణ్‌కు,

నీ ఉత్తరం అందిన రోజు చించి పారేశాను. మర్నాడు ముక్కలు ఏరి మళ్లీ చదివాను. అందుకే ఆలస్యం.

నీ మీద కోపం లేదని రాస్తే అబద్ధం. ఆయన అడిగితే ఒక్క మాట చెప్పకుండా పోయావు. బయట గాలికి బాగుందన్న మనిషిని మళ్లీ ఆ ఇంట్లోకి పోనిచ్చావు. ఇది నేను ఎన్నాళ్లు మరిచిపోతానో తెలియదు. క్షమించానని నాతో అనిపించుకోవడానికి ఇంకో ఉత్తరం రాయకు.

నేనేం చేశానో కూడా విను. మార్చిలో నువ్వు రాసిన ఉత్తరంలో రెండిళ్ల నంబర్లున్నాయి. సిలికాన్ ఇద్దరికీ, ఫ్యాను ఇద్దరికీ, తలనొప్పి ఇద్దరికీ. నేను పాప పేరు చదివాను, పద్నాలుగు అని ఒక్కటే రాశాను. మా అమ్మ తమ్ముడు, నన్ను ఈ దేశం తెచ్చిన మనిషి, తొమ్మిదో నంబరులో ఉన్నాడని నాకు తట్టలేదు. స్టోరు ఫోను ఎత్తకపోతే ఆయన్ని విసుక్కున్నాను కూడా. అప్పుడు ఆయన ఆ ఇంట్లో తల పట్టుకుని పడుకుని ఉన్నాడు.

ముదీర్ దగ్గరికి వెళ్లి మొత్తం చెప్పు. నా పేరు కూడా చెప్పు, నేర్పింది నేనే కాబట్టి. నేను లీవు పెట్టాను, పై శుక్రవారానికి వస్తాను. నువ్వు ఒక్కడివే చెప్పలేకపోతే నా కోసం ఆగు, ఇద్దరం కలిసి పోదాం. ఆగడం మాత్రం ఆ శుక్రవారం దాకానే. జుబైల్‌లో పన్నెండిళ్లకు ఫ్యాన్లు వస్తున్నాయన్నావు. వాటిలో ఎవరుంటారో మనకు తెలియదు. నువ్వు ఫోర్‌మన్ అయినా, ఇంకెవడైనా అయినా, ఆ ఇళ్లవాళ్లకు ఇది తెలియకుండా ఒక్క స్విచ్చి కూడా పెట్టకూడదు. స్వర్ణమ్మకు కూడా నీ నోటితోనే చెప్పు. ఆమె ఇక అన్నం పెట్టకపోవచ్చు, అయినా చెప్పు.

ప్రొద్దుటూరులో మదార్బీ మామీకి కంపెనీవాళ్లు గుండెపోటు అని తెలిపారట. పొగ వల్ల అని కూడా అన్నారట. ఆమె ఫోనులో నన్ను ఒకటే అడిగింది, "మీ మామకు గుండె జబ్బు యాడిదిరా, ఎవుర్ని అడగాల నేను?" అని. ఫోనులో చెప్పలేకపోయాను. నిన్న కూర్చుని ఆమెకు అంతా రాశాను. ఎవరిని అడగాలో కూడా రాశాను. ముందు నా పేరు, దాని కింద నీ పేరు.

గులాం మొహిద్దీన్